టిక్కెట్లు మిగిలితే టీవీ బంద్

(మైదానం నుంచి మన ఇంటికి - ధారావాహిక, 9వ భాగం)

1972 డిసెంబరు. వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు రెడ్‌స్కిన్స్ ముప్ఫై ఏళ్ల తర్వాత సొంతగడ్డ మీద ప్లేఆఫ్ మ్యాచ్ ఆడబోతోంది. టిక్కెట్లన్నీ ఎప్పుడో అయిపోయాయి. అమెరికా అంతటా ఆ మ్యాచ్ టీవీలో వస్తుంది, ఒక్క వాషింగ్టన్‌లోనే రాదు. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌కి ఆ ఆటంటే ప్రాణం. ప్లేఆఫ్ మ్యాచ్‌లనైనా ఊరివాళ్లకి చూపించమని తన అటార్నీ జనరల్ క్లైన్‌డీన్‌స్ట్ ద్వారా లీగ్ కమిషనర్ పీట్ రొజెల్‌ని అడిగించాడు. రొజెల్ కుదరదన్నాడు. అంత పెద్ద దేశాన్ని ఏలే మనిషి అడిగినా ఆ ఊరి టీవీల్లో ఆ ఊరి ఆట రాలేదు.

మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదిది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. దాన్ని నడిపే సంస్థ ఎన్‌ఎఫ్‌ఎల్. ఆట సంగతి పక్కన పెట్టినా, ఆ సంస్థ అరవై ఏళ్లకు పైగా పట్టుకుని వేలాడిన పద్ధతి గురించి మనం తెలుసుకోవాలి. ఆట ఎవరిది అన్న ప్రశ్న అంత సూటిగా ఇంకెక్కడా బయటపడలేదు.

భయం మొదలైంది లాస్‌ఏంజెలెస్‌లో. 1950లో అక్కడి రామ్స్ జట్టు తన సొంత మైదానం మ్యాచ్‌లను ఊళ్లోనే టీవీలో చూపించింది. అప్పటికి టీవీ కొత్త. ఆ ఏడాది మైదానానికి వచ్చే జనం దాదాపు సగానికి పడిపోయారు. టిక్కెట్ల నష్టం పూడుస్తానని ముందే ఒప్పుకున్న అడ్మిరల్ అనే టీవీ సెట్ల కంపెనీ ఆ సొమ్ము కట్టుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సొంతగడ్డ మ్యాచ్‌లకి టీవీ కట్టేశారు. జనం తిరిగి వచ్చారు. ఇంకేం, లీగ్ పెద్దలకి కావలసిన రుజువు దొరికింది. అప్పటి కమిషనర్ బెర్ట్ బెల్ దాన్ని వేదంలా పట్టుకున్నాడు. ఇంట్లో ఉచితంగా కనిపించేదానికి గేటు దగ్గర డబ్బెవరిస్తారు అన్నది ఆయన వాదన.

ఆయన వాదనలో పస లేదని అనలేను. ఆ రోజుల్లో క్లబ్బులు బతికేది గేటు డబ్బుతోనే. టీవీ కంపెనీలు ఇచ్చే సొమ్ము అంతంతమాత్రం. బలహీనమైన జట్టు రెండు మూడేళ్లు ఖాళీ స్టేడియంలో ఆడితే మూతపడడమే గతి. ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద లీగ్ మీద వేసిన కేసులో 1953 నవంబరులో ఫిలడెల్ఫియా జడ్జి అలన్ గ్రిమ్ ఈ కారణాన్నే ఒప్పుకున్నాడు. సొంతగడ్డ మీద మ్యాచ్ జరిగే రోజున, ఆ ఊరి చుట్టుపక్కల 75 మైళ్ల లోపు టీవీ ప్రసారాన్ని ఆపుకునే హక్కు లీగ్‌కి ఉందని తీర్పిచ్చాడు.

75 మైళ్లంటే 120 కిలోమీటర్లు. అమలాపురం గడియార స్తంభాన్ని నడిమధ్యన పెట్టుకుని మ్యాపు మీద 120 కిలోమీటర్ల వలయం గీసి చూడండి. రాజోలు, కొత్తపేట, రావులపాలెం సరేసరి. గోదావరి అవతల రాజమండ్రి, సముద్రం వైపు కాకినాడ, పడమట నరసాపురం, భీమవరం, ఏలూరు, ఉత్తరాన తుని, దక్షిణాన కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం దాకా అన్నీ అందులో పడతాయి. అమలాపురంలో ఒక మ్యాచ్ జరిగితే, అది టీవీలో చూడాలంటే ఇన్ని ఊళ్లూ దాటి విజయవాడ వెళ్లి లాడ్జిలో గది తీసుకోవాలన్నమాట. వెటకారానికి చెప్పడం లేదు. న్యూయార్క్ అభిమానులు అచ్చంగా ఇదే చేశారు. జెయింట్స్ జట్టు సొంతగడ్డ మీద ఆడే ఆదివారాల్లో కార్లేసుకుని పక్క రాష్ట్రమైన కనెటికట్ పోయేవారు. వలయం బయట ఉన్న మోటళ్లు వాళ్ల కోసమే ఎత్తయిన ఏంటెన్నాలు కట్టి, గదులు అద్దెకిచ్చేవి. 1958 డిసెంబరు 28న యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్, జెయింట్స్ మధ్య జరిగిన ఫైనల్‌ని ఆ ఆట చరిత్రలోనే గొప్ప మ్యాచ్ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. దేశం దేశమంతా చూసిన ఆ మ్యాచ్ న్యూయార్క్ ఇళ్లలో మాత్రం రాలేదు.

నిక్సన్ అడిగినా రొజెల్ వినకపోవడంతో కథ మలుపు తిరిగింది. చట్టసభ సభ్యులు చాలామందికి అదే వాషింగ్టన్ కాపురం. వాళ్ల ఇళ్లలోనూ మ్యాచ్ రావడం లేదు! 1973 సెప్టెంబరులో, కొత్త సీజన్ మొదలవడానికి రెండు రోజుల ముందు, నిక్సన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. మ్యాచ్‌కి 72 గంటల ముందే టిక్కెట్లన్నీ అమ్ముడుపోతే, స్థానిక ప్రసారాన్ని ఆపడానికి వీల్లేదు. చట్టం గడువు 1975తో తీరిపోయినా లీగ్ అదే పద్ధతిని తన సొంత నియమంగా కొనసాగించింది. దానికి అండగా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇంకో నిబంధన పెట్టింది. లీగ్ ఆపిన మ్యాచ్‌ని ఆ ఊళ్లో కేబుల్ వాళ్లు కూడా ఇవ్వకూడదు. పైకి చూస్తే ఇది ప్రేక్షకుడి గెలుపే. కానీ లోపలి అర్థం మారిపోయింది. అంతకుముందు, టిక్కెట్లు అమ్ముడైనా అమ్ముడవకపోయినా ఊరికి టీవీ లేదు. ఇప్పుడు టిక్కెట్లు మిగిలితేనే లేదు. అంటే నిషేధం కాస్తా శిక్షగా మారింది.

ఆ 72 గంటల లెక్క ఎలా నడిచేదో దగ్గర్నుంచి చూడాలి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మ్యాచ్ అంటే గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి గడువు. బుధవారం సాయంత్రం నుంచే ఊరి రేడియోలు, పేపర్లు ఇంకా ఇన్ని వేల టిక్కెట్లు మిగిలాయని చెప్పడం మొదలుపెడతాయి. గురువారం పొద్దున క్లబ్బు ఆఫీసు నుంచి లీగ్‌కి ఫోన్, ఇంకో రోజు గడువు ఇవ్వమని. ఒక్కోసారి ఇచ్చేవారు. చివరి గంటల్లో స్థానిక టీవీ స్టేషనో, ఒక కిరాణా దుకాణాల సంస్థో ముందుకొచ్చి మిగిలిన టిక్కెట్లన్నీ టోకున కొనేసేది. ఆ టిక్కెట్లు సైనికుల కుటుంబాలకో, పిల్లలకో పంచేవారు. ప్రకటనల మీద బతికే టీవీ స్టేషన్‌కి అది పెట్టుబడి. జాక్సన్‌విల్‌లో ఇంకో ఉపాయం కనిపెట్టారు. పై గ్యాలరీలో వేలాది సీట్ల మీద పెద్ద పెద్ద టార్పాలిన్లు పరిచి, ఆ సీట్లు అసలు అమ్మకానికే లేవన్నారు. అమ్మకానికి లేని సీటు మిగిలిపోయిన సీటు కాదు కదా! 2014 జనవరిలో ప్లేఆఫ్‌ల వేళ సిన్సినాటి, ఇండియానాపొలిస్, గ్రీన్‌బే ఊళ్లకి కూడా ఇదే గండం వచ్చింది. చివరి నిమిషంలో కంపెనీలు టిక్కెట్లు కొని గట్టెక్కించాయి.

ఈ పద్ధతి ఎంత అన్యాయమైందో డెట్రాయిట్‌లో తెలిసింది. 2008లో అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. కార్ల ఫ్యాక్టరీల మీద బతికే ఆ ఊళ్లో ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది అక్కడి లయన్స్ జట్టు ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఉద్యోగం పోయినవాడు, ఓడిపోయే జట్టు కోసం, వందల డాలర్లు పోసి కుటుంబాన్ని స్టేడియానికి తీసుకెళ్లలేదని ఆ ఊరికి టీవీ కట్టేశారు. మైదానం ఖాళీ కావడానికి కారణం టీవీ కాదు. జేబులో డబ్బు లేకపోవడం, గెలవని జట్టు. పైగా ఆ దేశంలో చాలా స్టేడియాలు ఊరి పన్నుల డబ్బుతో కట్టినవే. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభని భుజాన మోసుకుని, కౌశిక దాటించి తెచ్చిన ఊరివాణ్ణే, కానుక వెయ్యలేదని తీర్థంలో కళ్లు మూసుకోమంటే ఎలా ఉంటుంది? వాళ్లకీ అలాగే ఉండి ఉంటుంది.

లెక్కలు కూడా చివరికి జనం వైపే నిలిచాయి. 1970ల మధ్యలో సగానికి పైగా మ్యాచ్‌లు స్థానికంగా ఆగిపోతుండేవి. 2013 సీజన్ వచ్చేసరికి ఆగినవి 2. అప్పటికి లీగ్ ఆదాయంలో సింహభాగం టీవీ ఒప్పందాలదే. టిక్కెట్లు పక్కవాటా అయిపోయాయి. 2014 సెప్టెంబరు 30న ఎఫ్‌సీసీ సభ్యులు అయిదుగురూ ఏకగ్రీవంగా తమ నిబంధన ఎత్తేశారు. 2015లో లీగ్ కూడా తన నియమాన్ని పక్కన పెట్టింది. స్టేడియాలేమీ ఖాళీ కాలేదు.

ఇంగ్లండ్‌లో మాత్రం దీనికి దగ్గరి చుట్టం ఇంకా బతికే ఉంది. 1960ల్లో బర్న్‌లీ క్లబ్బు ఛైర్మన్ బాబ్ లార్డ్ పట్టుబట్టడంతో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌లు ఆ దేశంలో టీవీలో ప్రత్యక్షంగా చూపరు. చిన్న ఊళ్ల చిన్న క్లబ్బుల గ్యాలరీల్ని కాపాడడం దాని ఉద్దేశం. ఆ మాటని నేను తేలిగ్గా తీసెయ్యను. అది దేశమంతటికీ ఒకే నియమం. దగ్గర ఉన్నవాణ్ణి వేరు చేసి శిక్షించదు.

ఇక మన దగ్గరికి వద్దాం.

మన దేశంలో గొడవ తలకిందులుగా నడిచింది. అమెరికాలో చూపించనన్నది ఆట యజమాని. ఇక్కడ చూపించే హక్కు తనకొక్కదానికే ఉందన్నది ప్రభుత్వ దూరదర్శన్. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని పట్టుకుని, గాలిలో సంకేతం పంపే హక్కు ప్రభుత్వానిదే అని వాదించింది. 1993 నవంబరులో హీరో కప్ జరిగింది. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కులు టీడబ్ల్యూఐ అనే విదేశీ సంస్థకి అమ్మింది. దూరదర్శన్ ససేమిరా అంది. ఆ సంస్థ తెచ్చిన పరికరాల్ని బొంబాయిలో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. అందరూ కోర్టులకెక్కారు. కోర్టుల జోక్యం తర్వాతే కలకత్తా సెమీఫైనల్లో సచిన్ వేసిన ఆఖరి ఓవర్ని, ఫైనల్లో 12 పరుగులకి 6 వికెట్లు తీసిన కుంబ్లేని జనం ఇళ్లలో కూర్చుని చూడగలిగారు.

ఆ కేసులో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ప్రసార చరిత్రలో మైలురాయి. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని, అవి ప్రభుత్వ గుత్తసొత్తూ కావు, డబ్బున్నవాడి సొంతమూ కావు అని కోర్టు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ఒకరు మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగినవారు. విడిగా రాసిన తీర్పులో ఆయన చూసేవాడి, వినేవాడి హక్కుని మధ్యలో నిలబెట్టారు. ఎన్‌ఎఫ్‌ఎల్ అరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. ఒక తెలుగు న్యాయమూర్తి కలం నుంచి ఆ మాట వచ్చినందుకు నాకు గర్వంగా ఉంది.

కోనసీమకి ఆ తీర్పు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. అమలాపురానికి ఈనాటికీ రైలు లేదు. కోటిపల్లి - నరసాపురం లైను కోసం తరాలు ఎదురుచూస్తున్నాయి. విశాఖలో వన్డే అంటే తెల్లవారుజామున బస్సెక్కి, రాత్రికి ఏ చెట్టు కిందో పడుకుని, మర్నాడు తిరిగొచ్చే పని. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టినప్పుడు గ్యాలరీలో మన కోనసీమవాళ్లు ఎందరో కొందరే ఉండి ఉంటారు. మిగిలిన లక్షలమందికి టీవీయే గ్యాలరీ. 1980ల రెండో సగంలో మొదటి టీవీలు వచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది తెలుసు. కొబ్బరి చెట్లు సిగ్నల్‌ని మింగేస్తాయని డాబా మీద పొడుగాటి పైపు పాతి, దాని కొసన ఏంటెన్నా కట్టేవారు. ఒకరు పైన పైపు తిప్పుతుంటే, గుమ్మంలోంచి ఇంకొకరు "ఆయ్, వచ్చిందండీ... కొంచెం ఇటు... అయ్యో పోయిందండీ" అని కేకలు. వరండాలో వీధి వీధంతా కూర్చునేది. ఏ టిక్కెట్టూ లేదు.

టీవీ తెర చీకటైపోవడం కోనసీమకి కొత్త కాదు. 1996 నవంబరు 6న ముంబయిలో టైటన్ కప్ ఫైనల్ జరిగింది. ఇండియా గెలిచింది. ఆ రాత్రే తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. ఆ రోజు మ్యాచ్ జరిగిందన్న సంగతే ఇక్కడ చాలామందికి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ దుఃఖాన్ని ఏ ఆటతోనూ తూచలేం. తర్వాత 2022 మే నెల. మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టితో కలిసి ఇండొనేషియా జోడీని ఓడించాడు. భారత్ మొట్టమొదటిసారి ఆ కప్పు అందుకుంది. సరిగ్గా తొమ్మిది రోజులకి, మే 24న, జిల్లా పేరు విషయంలో అమలాపురంలో ఘర్షణలు, ఇళ్ల దహనాలు జరిగాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఐపీఎల్ ప్లేఆఫ్‌లు మొదలైంది కూడా ఆ రోజే. ఫోనులోనే మ్యాచ్ చూసే కుర్రాళ్లకి ఆ ఏడాది ఫైనల్ వారం లేనట్టే అయింది. నెట్ ఆపడానికి కారణం శాంతిభద్రతలు. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ ప్రసారం ఎంత సులువుగా ఒక జిల్లా గీత దగ్గర ఆగిపోగలదో అప్పుడు తెలిసింది.

ఖాళీ గ్యాలరీల సంగతికి మళ్లీ వద్దాం. కోనసీమ ఎదుర్లంకలో పుట్టి, లోక్‌సభ స్పీకరై, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జి.ఎం.సి. బాలయోగి పేరు మీద హైదరాబాద్ గచ్చిబౌలిలో ఒక స్టేడియం ఉంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు దాన్ని సొంతగడ్డ చేసుకుని ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. ఇది మనం ఎరిగిన ఫుట్‌బాలే. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ కొట్టిన ఊరది. కొత్త క్లబ్బు 2022 మార్చి 20న లీగ్ కప్పు గెలిచింది. ఎక్కడ? గోవాలో. కరోనా కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే, ఫైనల్ దాకా ప్రేక్షకులు లేకుండా సాగింది. సొంత గ్యాలరీలో ఒక్క మనిషి లేకపోయినా జట్టు ఛాంపియన్ అయింది. టీవీ మాత్రం ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. బెర్ట్ బెల్ భయపడిన రోజు నిజంగా వచ్చింది, ఆట చావలేదు. ఆ తర్వాత క్లబ్బుని ముంచింది టీవీ కాదు, అప్పులు. 2025లో అది ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

జీవన్ రెడ్డిగారి ధర్మాసనం ఇచ్చిన తీర్పు స్ఫూర్తిని చట్టంలోకి తెచ్చే ప్రయత్నం 2007లో జరిగింది. ఆ జనవరిలో వెస్టిండీస్ మన దేశానికి వచ్చింది. హక్కులు కొన్న నింబస్ సంస్థకి, ప్రసార భారతికి గొడవ వచ్చి, దూరదర్శన్ మీద ఆధారపడ్డ ఇళ్లకి ప్రత్యక్ష ప్రసారం అందలేదు. ఫిబ్రవరిలోనే ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టం వచ్చాయి. జాతీయ ప్రాధాన్యం ఉన్న మ్యాచ్‌ల సంకేతాన్ని ఎవరు కొన్నా ప్రసార భారతితో పంచుకోవాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో 75 శాతం హక్కుదారుకి, 25 శాతం ప్రసార భారతికి. మంచి చట్టం. కానీ 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు దాని హద్దు గీసింది. ఆ సంకేతం దూరదర్శన్ సొంత టవర్ల ద్వారా, ఉచిత డిష్ ద్వారా మాత్రమే ఇవ్వాలి, కేబుల్ వాళ్లకి ఇవ్వకూడదు. ఆ తర్వాత నాలుగైదేళ్లకే దూరదర్శన్ తన పాత టవర్లని దాదాపు అన్నిచోట్లా మూసేసింది. మిగిలింది ఉచిత డిష్ ఒక్కటే. నెలనెలా కేబుల్ బిల్లు కట్టే రాజోలు ఇంట్లో దూరదర్శన్ పెడితే ఇండియా మ్యాచ్ బదులు వేరే కార్యక్రమం వస్తుంది. పక్కింటి పెంకుల మీద ఉచిత డిష్ ఉంటే అదే ఛానల్లో మ్యాచ్ వస్తుంది. ఫోనులో చూసేవాడి ఊసే ఆ చట్టంలో లేదు.

అమెరికాలో 75 మైళ్ల వలయాన్ని చెరపడానికి అరవై ఏళ్లు పట్టింది. మన 2007 చట్టం కేబుల్ ఇంటికీ, ఫోనుకీ వర్తించేలా సవరించడానికి అన్నేళ్లు ఆగనక్కర్లేదు. ఇది పార్లమెంటు చేయగలిగిన పని. బాలయోగిగారు కూర్చున్న సభలో ఇప్పుడు అమలాపురం తరఫున కూర్చునేవారు ఈ ప్రశ్న లేవనెత్తాలి.

పాఠకులకి ఒక విన్నపం. రాబోయే భాగంలో 1996 ప్రపంచ కప్ నాటి కోనసీమ గురించి రాయబోతున్నాను. ఆ రోజుల్లో మీ వీధిలో టీవీ పెట్టిన వరండా ఫోటోలు, పోస్టాఫీసులో డబ్బు కట్టిన పాత రేడియో లైసెన్సు పుస్తకాలు, ఆ ఏడాది ఫిబ్రవరిలో విశాఖలో జరిగిన ఆస్ట్రేలియా - కెన్యా మ్యాచ్ టిక్కెట్టు ముక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఊరి పేరుతో సహా పత్రిక చిరునామాకి నకలు పంపండి. అసలు కాగితాలు మీ దగ్గరే దాచుకోండి.